దొరికిన మందు, మరచిన మందు: విటమిన్ సి చరిత్ర

మన ఇళ్లలో హలీం వడ్డించినా, ఖీమా వడ్డించినా పక్కన ఒక నిమ్మచెక్క పెట్టడం ఆనవాయితీ. రుచి కోసమని అనుకుంటాము. రుచి మాట నిజమే గాని, ఆ చెక్కలో వున్న ఒక పదార్థం అందక సముద్రాల మీద లక్షల మంది ప్రాణాలు పోయాయి. ఉర్దూ మీడియం పుస్తకాలలో దానిని 'హయాతీన్ సీ' అంటాము. తెలుగు పుస్తకాలలో 'విటమిన్ సి' అంటారు.

బడిలో మేము ఈ సంగతి ఒక్క ముక్కలో ముగించేస్తాము. విటమిన్ సి తక్కువైతే స్కర్వీ వ్యాధి వస్తుంది, నిమ్మ, నారింజ, ఉసిరి తింటే పోతుంది అని. పరీక్షలో దానికి ఒక మార్కు. ఆ ఒక్క మార్కు మాట రుజువు కావడానికి మనుషులకు నాలుగు వందల ఏళ్లకు పైగా పట్టింది. ఇంకా వింత ఏమిటంటే, మందు మొదట్లోనే దొరికింది. దొరికింది, మరచిపోయారు. మళ్లీ దొరికింది, మళ్లీ మరచిపోయారు. ఎందుకిలా జరిగిందో మన సంఘ సభ్యుల ముందు, ముఖ్యంగా చదువుకుంటున్న మన పిల్లల ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

సముద్రం మీది చావు

పూర్వం ఓడలు తీరం పట్టుకుని నడిచేవి. నాలుగు రోజులకొకసారి రేవు తగిలేది. తాజా కూర, పండు, నీళ్లు దొరికేవి. 15వ శతాబ్దం చివర పోర్చుగీసు వాళ్లు నెలల తరబడి నేల కనపడని ప్రయాణాలు మొదలుపెట్టారు. ఓడలో తిండి ఏమిటి? ఉప్పులో ఊరబెట్టిన మాంసం, రాయిలాంటి బిస్కట్లు, ఎండు బఠానీలు. ఆకలి తీరేది గాని, రెండు మూడు నెలలు గడిచేసరికి ఖలాసీల ఒంట్లో ఏదో విరిగిపోయేది.

మొదట నీరసం. లేవబుద్ధి కాదు. తర్వాత కాళ్లు వాస్తాయి, చర్మం కింద నల్లటి మచ్చలు పడతాయి. చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరుగుతాయి, కుళ్లి వాసన వేస్తాయి, పళ్లు వూడిపోతాయి. ఎప్పుడో మానిన గాయాలు మళ్లీ తెరుచుకుంటాయి. చివరికి ఏ చిన్న శ్రమ చేసినా మనిషి కుప్పకూలి చనిపోతాడు. 1500 నుండి 1800 వరకు మూడు వందల ఏళ్లలో ఇరవై లక్షల మంది నావికులు ఈ రోగంతో పోయి వుంటారని చరిత్రకారుల అంచనా. తుఫానులు, యుద్ధాలు అన్నీ కలిపినా ఇంతమందిని మింగలేదంటారు.

వాస్కో డ గామా పేరు మన పిల్లలందరికీ తెలుసు. 1498లో కాలికట్ చేరాడని బట్టీ పడతారు. ఆ ప్రయాణంలో అతని మనుషులకు ఏమైందో మాత్రం పుస్తకంలో వుండదు. అతని వెంట వచ్చిన ఒకడు రాసుకున్న దినచర్య నేటికీ వుంది. ఆఫ్రికా తూర్పు తీరానికి వచ్చేసరికే మనుషుల కాళ్లూ చేతులూ వాచి, చిగుళ్లు పళ్లను కప్పేశాయని అందులో వున్నది. 1498 ఏప్రిల్‌లో మొంబాసా చేరినప్పుడు అక్కడి ముస్లిం పాలకుడు ఒక గొర్రెను, బోలెడన్ని నారింజలు, నిమ్మలు, చెరుకుగడలు పంపాడు. రోగులు లేచి తిరిగారు. దినచర్య రాసినవాడు దీనికి చెప్పిన కారణం ఏమిటో తెలుసా? ఈ ఊరి గాలి చాలా మంచిదట! పండు చేతిలోనే వుంది, పేరు మాత్రం గాలికి పోయింది.

తిరుగు ప్రయాణంలో అరేబియా సముద్రం దాటడానికి వాళ్లకు దాదాపు మూడు నెలలు పట్టింది. ముప్పై మంది చనిపోయారు. ఒక్కొక్క ఓడలో పనిచేయగల మనుషులు ఏడెనిమిది మందే మిగిలారు. 1499 జనవరిలో మలింది రేవుకు చేరగానే వాళ్లు అడిగింది నారింజలనే. అంటే అప్పటికి గాలి మాట వదిలి, పండు మాట ఖలాసీలకు అనుభవం మీద తెలిసిందన్నమాట. కాని కొందరికి అప్పటికే ఆలస్యమైపోయింది. నడపడానికి మనుషులు చాలక మూడు ఓడలలో ఒక దానిని తామే తగలబెట్టుకోవలసి వచ్చింది.

పండు తూర్పుది, పేరు తూర్పుది

ఇక్కడ ఒక చిన్న పక్క సంగతి. ఆ నారింజ, నిమ్మ పడమటి దేశాలలో పుట్టినవి కావు. మన తూర్పు దేశాల చెట్లు. మనం నారింజ అంటాము, అరబ్బులు నారంజ్ అంటారు, స్పెయిన్ వాళ్లు నరాంహ అంటారు. ఇంగ్లీషు వాళ్ల లెమన్ అన్న మాట కూడా అరబ్బీ లైమూన్ మీదుగా వెళ్లిందే. పుల్ల నారింజను, నిమ్మను స్పెయిన్‌లో, సిసిలీ దీవిలో నాటి, కాలువలు తవ్వి, తోటలుగా పెంచినవారు అక్కడి ముస్లిం రైతులు. 12వ శతాబ్దంలో సుల్తాన్ సలాహుద్దీన్ ఆస్థాన వైద్యుడైన ఇబ్న్ జుమై అనే యూదు హకీము నిమ్మకాయ గుణాల మీదనే ఒక గ్రంథం రాశాడు. ఆ రోజులలో స్కర్వీకి నిమ్మ మందని ఎవరూ నిరూపించలేదు, అది వేరే మాట. కాని తర్వాత శతాబ్దాలలో ఇంగ్లీషు నౌకాదళాన్ని నిలబెట్టిన నిమ్మరసం సిసిలీ తోటల నుండే వెళ్లింది. చెట్టు నాటినవాడు దాని నీడన ఎవరు కూర్చుంటారో చూడలేడు గదా!

చెప్పినవారు వున్నారు, నిలబెట్టినవారు లేరు

1535-36 చలికాలంలో ఫ్రెంచివాడు జాక్ కార్టియే ఓడలు కెనడాలో క్విబెక్ దగ్గర మంచులో ఇరుక్కుపోయాయి. 110 మందిలో 25 మంది స్కర్వీతో చనిపోయారు. అక్కడి ఆదివాసీ నాయకుడి కొడుకు దోమగయా వాళ్లకు ఒక చెట్టు చూపించి, దాని ఆకు, బెరడు కాచి తాగమన్నాడు. వారం పది రోజులలో రోగులు కోలుకున్నారు. ఆ చెట్టు ఏదన్నదే తర్వాతివాళ్లకు ఖచ్చితంగా తెలియకుండా పోయింది. అది అడవి మనుషుల మందు గదా, పెద్ద వైద్యుల పుస్తకాలలో దానికి చోటెక్కడిది!

1601లో ఈస్టిండియా కంపెనీ మొట్టమొదటి ప్రయాణం సాగింది. నాలుగు ఓడలు. సేనాని జేమ్స్ లాంకాస్టర్ తన పెద్ద ఓడలో సీసాలలో నిమ్మరసం తెచ్చుకుని, పొద్దున్నే ఒక్కొక్క మనిషికి మూడు చెంచాలు తాగించాడు. మిగిలిన మూడు ఓడలలో ఆ ఏర్పాటు లేదు. ఆఫ్రికా కొస చేరేసరికి ఆ మూడు ఓడలలో తెరచాప దించడానికి కూడా శక్తి లేకపోతే, లాంకాస్టర్ ఓడ మనుషులు వెళ్లి సాయం చేయవలసి వచ్చింది. ఇంతకంటె రుజువు ఏం కావాలి? 1617లో అదే కంపెనీ వైద్యుడు జాన్ వుడాల్ తన పుస్తకంలో నిమ్మరసం వాడమని రాశాడు కూడా. అయినా ఆ అలవాటు నిలబడలేదు. రసం ఖరీదు, ఖలాసీ ప్రాణం చవక. పైగా పెద్ద వైద్యులు రోగానికి తడిగాలి కారణమని, బద్ధకం కారణమని, ఉప్పు కారణమని రకరకాలుగా వాదించుకుంటూ వుండిపోయారు.

ఆ వాదనల ఫలితం 1740లో కనిపించింది. ఇంగ్లీషు సేనాని జార్జ్ ఆన్సన్ సుమారు 1,900 మందితో స్పెయిన్ మీదికి యుద్ధానికి బయలుదేరి, భూగోళం చుట్టి 1744లో తిరిగి వచ్చాడు. ఈ నాలుగేళ్లలో 1,400 మందికి పైగా చనిపోయారు. శత్రువు చేతిలో చచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతా వారిలో అత్యధికులను తినేసింది స్కర్వీయే. యాభై ఏళ్ల కిందట యుద్ధంలో తగిలి మానిపోయిన గాయం ఒక ముసలి నావికుడికి ఈ ప్రయాణంలో తిరిగి పచ్చిదైందని ఆ ఓడ మతగురువు పేర వచ్చిన పుస్తకంలో వున్నది.

పన్నెండు మంది రోగులు

ఈ దారుణం జరిగిన మూడేళ్లకు, 1747 మే 20న, సాలిస్బరీ అనే యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే స్కాట్లండు వైద్యుడు ఒక పని చేశాడు. పని చిన్నదే. కాని వైద్య చరిత్రలో దానికి పెద్ద పీట వేస్తారు.

ఒకే రకంగా జబ్బుపడిన 12 మంది రోగులను ఎంచుకున్నాడు. అందరినీ ఒకే చోట పడుకోబెట్టాడు. అందరికీ ఒకే తిండి పెట్టాడు. ఇద్దరిద్దరు చొప్పున ఆరు జట్లు చేసి, ఆ రోజులలో ప్రచారంలో వున్న ఆరు మందులు ఇచ్చాడు. ఒక జట్టుకు ఆపిల్ రసం పులియబెట్టిన పానీయం. ఒక జట్టుకు నీళ్లు కలిపిన గంధకామ్లం చుక్కలు. ఒక జట్టుకు సిర్కా. ఒక జట్టుకు సముద్రపు నీళ్లు. ఒక జట్టుకు వెల్లుల్లి, ఆవాలు మొదలైనవి నూరిన ముద్ద. ఆరో జట్టుకు రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మకాయ.

ఆరు రోజులకు పండ్లు అయిపోయాయి. కాని ఆ ఆరు రోజులలోనే పండు తిన్న ఇద్దరిలో ఒకడు పనిలోకి దిగాడు. రెండోవాడు మిగతా రోగులకు సేవ చేసేవాడయ్యాడు. ఆపిల్ పానీయం తాగిన ఇద్దరికి కొంచెం నయం. తక్కిన వాళ్లకు చెప్పుకోదగిన గుణం లేదు.

మన పిల్లలు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. లిండ్ ఏమీ కనిపెట్టలేదు. నిమ్మ మాట లాంకాస్టర్‌కు తెలుసు, వుడాల్‌కు తెలుసు, వాస్కో డ గామా ఖలాసీలకు కూడా తెలుసు. లిండ్ చేసిందల్లా పోల్చి చూడటం. 'ఫలానా పెద్దాయన చెప్పాడు' అనే మాట పక్కనపెట్టి, ఆరు మందులను ఒకే తక్కెడలో తూచాడు. ఈనాడు ఏ కొత్త మందైనా బజారులోకి రావాలంటే ఇటువంటి పోలిక పరీక్షకు నిలబడాలి. ఆ పద్ధతికి తొలి మెట్లలో ఒకటి ఆ ఓడ మీద పడింది.

మరి లిండ్ అయినా వెంటనే గెలిచాడా? లేదు. 1753లో అతను రాసిన పెద్ద గ్రంథంలో ఈ పరీక్ష సంగతి కొద్ది పేరాలే. అతను కూడా రోగానికి తడి, చలి మొదలైన కారణాలెన్నో చెప్పాడు. పండ్లు నిలవ వుండవు గనుక రసాన్ని గంటల తరబడి వేడిచేసి, చిక్కగా పాకంలా చేసి ఓడలలో పెట్టుకోమన్నాడు. ఆ వేడికి అసలు గుణం చాలావరకు పోయిందని అతనికి తెలిసే మార్గం లేదు. పాకం పనిచేయకపోయేసరికి నిమ్మకాయ మీదనే నమ్మకం పోయింది.

మద్రాసు చేరిన ఓడ

చివరికి రుజువైంది మన దేశానికి వచ్చే దారిలోనే. 1794లో సఫోక్ అనే యుద్ధనౌక ఇంగ్లండు నుండి మద్రాసుకు బయలుదేరింది. వైద్యుడు గిల్బర్ట్ బ్లేన్ పట్టుదలతో దానిలో సరిపడా నిమ్మరసం ఎక్కించారు. ప్రతి మనిషికీ రోజూ కొలత ప్రకారం పంచదార, సారాయి నీళ్లతో కలిపి ఇచ్చారు. ఓడ దారిలో ఎక్కడా నేల తాకలేదు. 23 వారాల తర్వాత మద్రాసు రేవుకు చేరింది. స్కర్వీతో ఒక్కడూ చనిపోలేదు. దారిలో ఆ జబ్బు కనిపించిన కొద్దిమందికి రసం మోతాదు పెంచితే తగ్గిపోయింది.

మరుసటి ఏడాది, 1795లో, నౌకాదళమంతటికీ నిమ్మరసం ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. లిండ్ అంతకు ముందు ఏడాదే చనిపోయాడు. పరీక్షకూ ఉత్తర్వుకూ మధ్య 48 ఏళ్లు. అదీ రాజుగారి నౌకాదళానికే. వ్యాపార ఓడల ఖలాసీల కోసం చట్టం 1844లో గాని రాలేదు. అంటే దొరల తుపాకులు మోసే నావికుడికి అందిన మందు, సరుకు మోసే నావికుడికి అందడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

మళ్లీ మరచిపోయారు

కథ ఇక్కడ ముగిసిందనుకుంటే పొరపాటు. 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లీషు వాళ్లు మధ్యధరా నిమ్మకు బదులు తమ వలస దీవులైన వెస్టిండీస్ నుండి చిన్న కాగితపు నిమ్మ రసం తెప్పించుకోసాగారు. పులుపు ఒకటే గదా, రోగం కుదిర్చేది పులుపే గదా అనుకున్నారు. నిజానికి గుణం పులుపులో లేదు. ఆ రసంలో విటమిన్ సి బాగా తక్కువ. పైగా గాలి తగిలి, రాగి గొట్టాల గుండా పోయి, నెలల తరబడి నిలవ వుండి వున్నది కూడా తరిగిపోయేది. అప్పటికి ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణాలు చిన్నవి కావడంతో లోపం బయటపడలేదు. 1875-76లో నేర్స్ అనే సేనాని ఉత్తర ధ్రువ యాత్రకు పోయినప్పుడు బయటపడింది. ఆ రసం ఓడలలో వుండగానే చాలామందికి స్కర్వీ వచ్చింది. దాంతో వైద్యులు కొందరు తిరగబడి, నిమ్మ మాట వట్టిదని, చెడిన మాంసపు విషమే కారణమని సిద్ధాంతం చేశారు. నూరేళ్ల కిందట తెలిసిన మందు మళ్లీ మరుగున పడింది.

అదే కాలంలో మరొక వింత. అప్పటిదాకా స్కర్వీ ఖలాసీల జబ్బు, ఖైదీల జబ్బు, కరువు జబ్బు. 1845 తర్వాత ఐర్లండులో ఆలుగడ్డ పంట కుళ్లిపోయినప్పుడు అక్కడి బీదలకు అది వచ్చింది. ఎందుకంటే వాళ్లకు ఆ విటమిన్ అందించేది ఆలుగడ్డ ఒక్కటే. కాని 19వ శతాబ్దం చివర అది కలవారి ఇళ్లలోని పసిపిల్లలకు రాసాగింది. 1883లో లండన్ వైద్యుడు థామస్ బార్లో ఈ పిల్లల జబ్బు స్కర్వీయేనని చూపించాడు. తల్లిపాలకు బదులు డబ్బా పిండి, బాగా మరగబెట్టిన పాలు పట్టడం వల్ల వచ్చినదన్నమాట. బీదతల్లి చంటిబిడ్డ తల్లిపాలు తాగి బాగుంటే, బంగళాలోని బిడ్డ కాళ్లు కదిలిస్తే కేకలు పెట్టేది.

మన సిపాయిలు, మన కరువు

ఈ జబ్బు మనవాళ్లను కూడా వదలలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇరాక్‌లోని కూత్ అల్ అమారా పట్టణంలో బ్రిటిష్ సైన్యాన్ని ఉస్మానియా తుర్కులు 1915 డిసెంబరు నుండి 1916 ఏప్రిల్ వరకు ముట్టడించారు. లోపల వున్న సైన్యంలో హిందువులు, ముస్లిములు, సిక్కులు కలిసిన హిందూస్తానీ సిపాయిలే ఎక్కువమంది. ముట్టడిలో తిండి తరిగిపోయింది. గుర్రాలను కోసి ఆ మాంసం తినమన్నారు. మతం, కులం, ఇంటిదగ్గర ఏమంటారోనన్న భయం వల్ల మన సిపాయిలు చాలాకాలం దానిని ముట్టలేదు. వాళ్లకు స్కర్వీ వచ్చింది. తాజా మాంసం తిన్న తెల్ల సిపాయిలకు అది రాలేదు. కాని వాళ్లు తిన్నది తెల్లటి మైదా గనుక వాళ్లకు బెరిబెరి వచ్చింది. పొట్టుతో కూడిన గోధుమపిండి తిన్న మన వాళ్లకు బెరిబెరి రాలేదు. ఒకే కోటలో రెండు పంక్తుల భోజనం, రెండు రోగాలు!

ఆ యుద్ధ కాలంలోనే లండన్ లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె తోటి స్త్రీలు ఒక పని చేశారు. తాజా నిమ్మరసం కాగితపు నిమ్మ రసం కంటె సుమారు నాలుగు రెట్లు శక్తి గలదని తేల్చారు. నేర్స్ యాత్ర చిక్కుముడి అట్లా వీడింది. ఎండు పప్పులలో ఈ విటమిన్ వుండదు గాని, నానబెట్టి మొలకెత్తిస్తే పుడుతుందని కూడా చూపించారు. పండు దొరకని చోట సిపాయికి పిడికెడు మొలకలు చాలునన్నమాట. 1939-40లో పంజాబులో హిస్సార్ జిల్లా కరువులో స్కర్వీ వ్యాపించినప్పుడు మన ఉసిరికాయే మందైంది.

పేరు దొరికింది

అసలు పదార్థాన్ని పట్టుకోవడానికి తోడ్పడింది గినీ పంది అనే చిన్న జంతువు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు దానికి ధాన్యం మాత్రమే పెడితే స్కర్వీ వచ్చింది. క్యాబేజీ పెడితే పోయింది. మేక, ఆవు, కుక్క ఇవన్నీ తమకు కావలసిన విటమిన్ సి తమ కాలేయంలోనే తయారుచేసుకుంటాయి. మనిషి, కోతి, గినీ పంది, కొన్ని గబ్బిలాలు చేసుకోలేవు. దానికి కావలసిన ఒక జన్యువు మనలో ఎప్పుడో చెడిపోయింది. కనుక మనకు తిండి ద్వారా రావలసిందే. వేరే గత్యంతరం లేదు.

1928లో హంగేరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జ్యోర్జి కేంబ్రిడ్జిలో పనిచేస్తూ ఒక తెల్లటి పొడిని వేరుచేశాడు. అదేమిటో తెలియక, చక్కెరల పేర్ల ఫణితిలో 'నాకు తెలియదు' అనే అర్థం వచ్చేలా సరదాగా ఒక పేరు పెట్టబోతే పత్రిక సంపాదకుడు ఒప్పుకోలేదట. 1932లో అదే విటమిన్ సి అని అతనూ, అమెరికాలో చార్లెస్ కింగ్ కూడా ప్రకటించారు. పరీక్షలకు కావలసినంత పదార్థం అతనికి ఎక్కడ దొరికిందో వింటే మన ఆడవాళ్లు సంతోషిస్తారు. తన ఊరు సెగెడ్‌లో పండే ఎర్ర మిరపలో! 1937లో అతనికి వైద్యశాస్త్రంలోనూ, దాని నిర్మాణం తేల్చిన ఇంగ్లీషువాడు హావర్త్‌కు రసాయనశాస్త్రంలోనూ నోబెల్ బహుమతులు వచ్చాయి. స్కర్వీని పోగొట్టేది గనుక దానికి ఆస్కార్బిక్ ఆమ్లం అని పేరు.

ఇంతకూ అది ఒంట్లో చేసే పని ఏమిటి? మన చర్మాన్ని, చిగుళ్లను, రక్తనాళాల గోడలను, ఎముకలను కలిపి పట్టుకునే పోగు ఒకటి వుంది. కొలాజెన్ అంటారు. ఆ పోగును గట్టిగా పేనడానికి విటమిన్ సి కావాలి. అది లేకపోతే ఇటుకలు వున్నా మధ్య సిమెంటు లేని గోడ గతి పడుతుంది. పాత గాయం యాభై ఏళ్ల తర్వాత తెరుచుకున్నది అందుకే. శరీరం ఆ అతుకును రోజూ మరమ్మతు చేస్తూనే వుంటుంది. మరమ్మతు ఆగితే పాత చీలిక బయటపడుతుంది. 1939-40లో అమెరికాలో జాన్ క్రాండన్ అనే శస్త్రవైద్యుడు నెలల తరబడి విటమిన్ సి లేని తిండి తిని, తన వీపు మీదనే కోతలు పెట్టించుకుని పరీక్షించుకున్నాడు. మూడు నెలలప్పుడు పెట్టిన కోత మానింది. ఆరు నెలలప్పుడు పెట్టిన కోత మానలేదు. విటమిన్ ఇచ్చాక మానింది.

మాత్రల మోజు

లోపం పోగొట్టే మందు ఎక్కువ మింగితే ఎక్కువ మేలు చేస్తుందా? రెండు నోబెల్ బహుమతులు పొందిన లైనస్ పౌలింగ్ 1970లో అలాగే చెప్పాడు. పెద్ద మోతాదులో విటమిన్ సి తీసుకుంటే జలుబు రాదన్నాడు. తర్వాత క్యాన్సర్‌కు కూడా మంచిదన్నాడు. ఎంతో మంది నమ్మారు. ఎంత పెద్ద మనిషి చెప్పినా లిండ్ తక్కెడలో తూచవలసిందే గదా. తూచారు. రోజూ మాత్ర మింగినా మామూలు మనుషులకు జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దలలో సుమారు 8 శాతం తొందరగా తగ్గింది, అంతే. ముదిరిన క్యాన్సర్ రోగుల మీద 1979లో, 1985లో అమెరికాలో మేయో క్లినిక్ వారు ప్రకటించిన పరీక్షలలో నోటి ద్వారా ఇచ్చిన మాత్రల వల్ల లాభం కనిపించలేదు. ఎక్కువైన విటమిన్ మూత్రంలో పోతుంది. రోజుకు 2,000 మిల్లీగ్రాములు దాటితే విరేచనాలు పట్టుకోవచ్చు. కొందరికి మూత్రపిండాలలో రాళ్ల ప్రమాదం కూడా పెరుగుతుంది.

మనకెంత కావాలి? దీనికి జవాబు చెప్పే సంస్థ మన హైదరాబాదులోనే, తార్నాకలో వుంది. మెకారిసన్ అనే వైద్యుడు 1918లో తమిళనాడు కూనూరులో ఒక గదిలో మొదలుపెట్టిన పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందింది. వారి 2020 లెక్క ప్రకారం రోజుకు పెద్ద మగవారికి 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు చాలు. పాలిచ్చే తల్లులకు ఇంకా ఎక్కువ కావాలి. ఒక మోస్తరు జామపండులో ఇంతకంటె ఎక్కువే వుంటుంది. నూరు గ్రాముల జామలో రెండు వందల మిల్లీగ్రాములకు పైగా వుంటే, నారింజలో అందులో నాలుగో వంతు కూడా వుండదు. పెద్ద ఖరీదైన పండు గొప్పదనీ, బండి మీద అమ్మే అమ్రూద్ తక్కువదనీ అనుకునే మన లెక్క తలకిందులన్నమాట.

మన వంటగది లెక్క

స్కర్వీ మన ఇళ్లలో అరుదు. ఒంటరిగా చాయ్, బన్నుతో కాలం గడిపే ముసలివారికి, పండు కూర ముట్టని పిల్లలకు నేటికీ రావచ్చు. కాని మా దృష్టిలో మనకు పెద్ద సమస్య అది కాదు, రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు ఆడవారిలో 57 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లలలో 67 శాతం మందికి రక్తహీనత వున్నట్లు తేలింది. దీనికి కారణాలు చాలా వున్నాయి. ఇనుము చాలకపోవడం వాటిలో ముఖ్యమైనది. పప్పులో, ఆకుకూరలో ఇనుము వున్నా అది సులభంగా ఒంటికి పట్టదు. అదే ముద్దతో విటమిన్ సి వుంటే ఎక్కువ పడుతుంది. భోజనం కాగానే తాగే చాయ్ దానిని పట్టనివ్వదు. పప్పన్నం మీద నిమ్మ పిండుకోవడం, చాయ్‌ను గంటసేపు వెనక్కి జరపడం, ఈ రెండింటికీ ఖర్చు లేదు. రక్తం బాగా తక్కువని డాక్టరు చెబితే మాత్రం మందు బిళ్లలు మానకూడదు.

వంటలో కొద్ది జాగ్రత్తలు చాలు. కూరలు తరిగి నీళ్లలో నానబెట్టవద్దు, కడిగి తరగాలి. ఎక్కువసేపు ఉడికించవద్దు. ఉడికిన నీళ్లు పారబోయవద్దు. నిమ్మరసం గిన్నె దించాకే పిండాలి. వారానికి రెండుసార్లు మొలకెత్తిన పెసలు పెట్టాలి. దొరికిన కాలంలో ఉసిరి, ఎప్పుడూ జామ. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలే, డబ్బా పాలు కావు. బార్లో చూసిన బంగళా పిల్లలను మరువవద్దు.

ఈ చరిత్రలో చనిపోయిన లక్షల మందిలో ఎక్కువమందికి మందు లేక చావు రాలేదు. చెప్పినవాడు చిన్నవాడని వినకపోవడం, విన్నది పరీక్షించకపోవడం, పరీక్షించినది కిందివాడి దాకా చేర్చకపోవడం, ఈ మూడింటి వల్ల చనిపోయారు. మొదటి రెండూ బడులు చూసుకోవలసిన పనులు. మూడోది మనలాంటి సంఘాల పని. కనుక సంఘ పెద్దలకు మాదొక మనవి. రంజాన్ ఇఫ్తార్‌కు గాని, పిల్లల బహుమతి ప్రదాన సభకు గాని బిస్కట్ పొట్లాలకు అయ్యే డబ్బుతో బండి మీది జామపండ్లు కొని పంచితే బాగుంటుంది. ఎందుకు పంచుతున్నారో పిల్లలతోనే నాలుగు ముక్కలు చెప్పిస్తే మరీ మంచిది. పండు ఆ పూటకు అయిపోతుంది, ఆ మాట మాత్రం పిల్లల వెంట ఇంటికి పోతుంది.